తుప్పన్న మళ్ళీ వచ్చిన ఎండాకాలం

తుప్పన్న మళ్ళీ వస్తున్నాడని మాకు ముందుగా చెప్పింది సినిమావాళ్ళు కాదు, మా సందు చివర కూరగాయలమ్మే ఆవిడ. టమాటాలు తూస్తున్నదల్లా ఆగి, "ఏమ్మా, రెండో భాగం తీస్తున్నారంటగా! టీవీలో చెప్పారు. ఈసారి మీ ఆయన అంతరిక్షంలోకి పోతాడంట?" అంది.

నాకేమీ తెలియదని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. "ఆ, పోతాడు. పీడా విరగడవుతుంది" అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వి, కొసరుగా ఇంకో రెండు టమాటాలు సంచిలో వేసింది.

తుప్పన్న అంటే తెలియని ఇల్లు అప్పట్లో లేదు. ఎన్నో వందల ఏళ్ళ తరవాతి కాలం నుంచి జారిపడిన పాత ఇనుప మరమనిషి. అక్కడ పనికిరాడని పారేస్తే ఒక గుమాస్తాగారి పెరట్లో వచ్చి పడతాడు. భవిష్యత్తు రహస్యాలన్నీ చెప్పేస్తాడని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి కూర్చుంటే, వాడికి వచ్చిందల్లా గిన్నెలు కడగడం ఒక్కటే. దానికీ సవాలక్ష సణుగుళ్ళు. సినిమా మొత్తం అంతే. జనం మాత్రం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. పెళ్ళిళ్ళలో, ఆఫీసుల్లో, ఆఖరికి ఆసుపత్రి వరండాల్లో కూడా తుప్పన్నలా సణిగేవాళ్ళు.

ఆ ఇనప రేకుల లోపల ఉన్నది మా ఆయన. బయటికి వినిపించిన గొంతు నాది.

మేమిద్దరం ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో కలుసుకున్నవాళ్ళం. ఆయనకి మాట తక్కువ, ఒళ్ళు ఎక్కువ. అంటే లావని కాదు, ఒళ్ళంతా మాట్లాడేదని. నాది చిన్నప్పుడు జబ్బుచేసి బొంగురుపోయిన గొంతు. రాణి వేషాలు రావు, ముసలి వేషాలూ దెయ్యం వేషాలూ వచ్చేవి. మొదటి సినిమాకి ఆయన్ని రేకుల్లో దూర్చి, నన్ను కెమెరా పక్కన మైకు ముందు నిలబెట్టారు. నేను చెప్పే మాటలు ఆయనకి వినపడేలా డబ్బాలో చిన్న స్పీకరు పెట్టారు. రాసిచ్చిన మాటలు చప్పగా ఉండేవి. ఒకరోజు లైట్లు సర్దుతుంటే ఆయన లోపలినుంచి "నడుం పట్టేసిందే, ఎంతసేపు?" అని గొణిగాడు. మైకు ఆన్‌లో ఉందన్న సంగతి మరిచిపోయి నేను ఇంట్లో అన్నట్టే, "ఏం, రేకుల్లో దూరేటప్పుడు తెలీదా? పడి ఉండు" అన్నాను. కోపమొచ్చి ఆయన చేతిలో ఉన్న గిన్నె తోమడం మొదలుపెట్టాడు. బయటినుంచి చూసేవాళ్ళకి ఆ డబ్బా తనని తానే తిట్టుకుంటూ గిన్నె తోముతున్నట్టు కనిపించింది. డైరెక్టరు నేలమీద కూలబడి నవ్వాడు.

ఇక అప్పట్నుంచి అదే పద్ధతి. నా నోరు "చెయ్యను పో" అంటే ఆయన చేతులు ఆ పని చేసేస్తుండేవి. నా నోరు "ఇదిగో ఇప్పుడే చేస్తున్నా" అంటే ఆయన చేతులు వెనక్కి కట్టుకునేవి. ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో రోజూ జరిగేదే అది.

ఆ కూరగాయలావిడ చెప్పిన వారంలోనే డైరెక్టరు మా ఇంటికొచ్చాడు. మొదటి సినిమా నాటికి బక్కపలచగా ఉండి, ఒకే చొక్కా ఉతుక్కుని తొడుక్కునేవాడు. ఇప్పుడు కారు మా సందులోకి పట్టక రోడ్డుమీదే ఆపి నడిచొచ్చాడు. ఎప్పట్లాగే నన్ను అక్కా అని, ఆయన్ని బావా అని పిలిచాడు. మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, మాతోనే ఉంటుంది. ఆవిడకి వినికిడి తక్కువ. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని అతని పెదాలు చూస్తోంది.

"ఈసారి పెద్ద సినిమా బావా. అంతరిక్షనౌక, యుద్ధాలు, పెద్ద హీరో. తుప్పన్నని కంప్యూటర్లో చేస్తున్నాం. రేకులుండవు, చెమటలుండవు. నువ్వు కాస్త నడిచి చూపిస్తే చాలు, మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది. అక్క గొంతు మాత్రం కావాలి. అక్క గొంతు లేకపోతే తుప్పన్న లేడు."

"మరి వీడు లేకపోతే?" అంది వదిన, తమ్ముడి వైపు గడ్డం ఎగరేసి.

డైరెక్టరు నవ్వేశాడు. మా ఆయనా నవ్వాడు. "నా నడకేగా అక్కా వాళ్ళకి కావాల్సింది. ఇస్తే పోలా" అన్నాడు.

అతను వెళ్ళిపోయాక ఆయన ముందుగదిలో బల్లా కుర్చీలూ గోడకి జరిపి నడవడం మొదలుపెట్టాడు. నేను వంటగదిలోంచి చూశాను. నడుస్తున్నది మా ఆయనే గానీ తుప్పన్న కాదు. ఆగుతాడు, ఆలోచిస్తాడు, మళ్ళీ మొదలుపెడతాడు.

"ఏమయ్యా, పెళ్ళికి ముందు మా ఇంటిముందు తచ్చాడినట్టుంది గానీ తుప్పన్నలా లేదు" అన్నాను.

"నోర్ముయ్యవే. రేకుల్లేవుగా. బరువు లేకపోతే కాలికి తెలియడం లేదు" అన్నాడు.

స్టూడియోలో తెల్లగోడల పెద్ద గది. కెమెరాలు గోడల నిండా గుడ్లగూబల్లా కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆయనకి ఒళ్ళంతా తెల్లచుక్కలున్న నల్లటి బిగుతు బట్టలు తొడిగారు. తలకాయ బయటుంది, పొట్ట బయటపడింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన పట్టించుకోలేదు, పొట్టమీదున్న చుక్కని వేలితో నొక్కి "దీనికీ వేషం ఉందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు హాయిగా అనిపించింది. పర్లేదు, వస్తున్నాడు అనుకున్నాను.

నడిచాడు. కంప్యూటరు ముందున్న అమ్మాయి తెరమీద కడ్డీల బొమ్మ ఆయనతో పాటే నడిచింది. అమ్మాయి మర్యాదగా అడిగింది, "సార్, ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నారు. అది లేకుండా రాదా?"

"తుప్పన్న కాలే అదమ్మా" అన్నాడు ఆయన. "రేకు కోసేటప్పుడు ఎడమకాలు పొట్టిగా వచ్చింది. అందుకని అలా నడిచాం."

"ఇప్పుడు కొత్త మోడల్ కదా సార్" అంది ఆ అమ్మాయి.

ఆయన డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు ఫోను చూసుకుంటున్నాడు. కాస్త నీళ్ళు నమిలి, "రెండూ తీసిపెట్టుకుందాం బావా" అన్నాడు.

మధ్యాహ్నం ఆయన ఒక కోరిక కోరాడు. లైటు స్టాండ్లకి ఆనించే ఇసకమూటలు కాళ్ళకి కట్టమన్నాడు. కట్టారు. ఆ బరువుతో నడిచాడు. తుప్పన్న వచ్చేశాడు! అదే ఈసడింపు, అడుగేసే ముందు అదే సందేహం. కాఫీలు పోసే మనిషి కూడా గ్లాసులు వదిలేసి చూస్తున్నాడు. నేను మైకు దగ్గరికి పరిగెత్తాను. "నడువు నడువు, నీ పెళ్ళికెళ్తున్నావా, నా పెళ్ళికెళ్తున్నావా" అని మొదలుపెట్టాను. ఆయన తిరగబోయాడు. మోకాలు తిరగలేదు.

పెద్దగా పడిపోలేదు. ఎవరో చెయ్యిపట్టి కూర్చోబెట్టినట్టు మెల్లగా కిందికి దిగాడు. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టయింది. చుక్కల బట్టలు కత్తిరించి తీయాల్సి వచ్చింది. డాక్టరు చూసి, మోకాలు అరిగిపోయిందనీ, ఇక గెంతులూ బరువులూ కట్టిపెట్టమనీ చెప్పాడు. రేకుల్లో అన్ని నెలలు నిలబడినదంతా ఇప్పుడు లెక్కకొచ్చిందన్నమాట.

మర్నాడే ఒక డాన్సరుని తెచ్చారు.

మంచివాడే. ఇంత మంచివాడు కాకపోతే బాగుండునని తరవాత చాలాసార్లు అనుకున్నాను. డైరెక్టరు పంపితే మా ఇంటికొచ్చి, గుమ్మం బయటే బూట్లు విప్పి, మా ఆయన కాళ్ళదగ్గర నేలమీద కూర్చున్నాడు. గురువుగారూ, నేర్పండి అన్నాడు. మా ఆయన మోకాలికి గుడ్డ చుట్టుకుని కుర్చీలో కూర్చునే నేర్పాడు. భుజం ఇలా, మెడ ఇలా, ఆగినప్పుడు ఊపిరి ఇలా. అతను ఒక్కసారి చూస్తే పట్టేసేవాడు. రెండోసారి అడిగితే వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్ళీ అదే చేసేవాడు.

అతను వెళ్ళాక "ఎలా ఉన్నాడు?" అని అడిగాను.

"చాలా బాగా చేస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "చెప్పింది చెప్పినట్టే చేస్తున్నాడు" అని మళ్ళీ అన్నాడు.

"నేను మానేస్తానయ్యా. నువ్వు లేకుండా నాకక్కడేం పని?" అన్నాను.

"మానేసి ఏం చేస్తావు? ఇంట్లో కూర్చుని నా మోకాలు తింటావా? వెళ్ళవే. ఇద్దరిలో ఒక్కరైనా తెరమీదుంటే తుప్పన్న మనవాడే అనిపించుకుంటాడు."

నాకూ వెళ్ళాలనే ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలిగా. బొంగురు గొంతని కంపెనీలో ఎప్పుడూ తెరవెనకే నిలబెట్టినదాన్ని. మొదటిసారి ఒక పెద్దమనిషి మా సందులోకి నడిచొచ్చి నువ్వు లేకపోతే లేదన్నాడు. టీవీవాళ్ళు కూడా వచ్చారు. తుప్పన్నది ఆడగొంతా అని ముక్కున వేలేసుకుంటూ మా ముందుగదిలో లైట్లు పెట్టారు. నా పక్కన కూర్చున్న ఆయనతో కెమెరా అతను, "సార్, మీ నీడ అమ్మగారి మీద పడుతోంది, కొంచెం పక్కకి" అన్నాడు. ఆయన కుంటుకుంటూ లేచి, గోడవారగా నిలబడి, వాళ్ళు వెళ్ళేదాకా అక్కడే ఉన్నాడు. వాళ్ళు వెళ్ళాక, "అబ్బో, మహారాణీవారికి పౌడరు ఎక్కువైంది. పిండిలో పడ్డ బల్లిలా ఉన్నావు" అన్నాడు. ఆ మాటకి వదినకి కూడా వినపడేంత గట్టిగా నవ్వాను. అంతవరకూ అన్నీ సవ్యంగానే ఉన్నాయనుకున్నాను.

రికార్డింగు మొదలైంది. నేను గాజుగదిలో. అద్దం అవతల డాన్సరు చుక్కల బట్టల్లో. నేను "చెయ్యను పో" అంటే అతను చెయ్యకుండా ఆగేవాడు. "ఇదిగో వస్తున్నా" అంటే వచ్చేవాడు. అలా కాదు బాబూ, నా మాట వినకు అని చెప్పాను. సరేనమ్మా అన్నాడు. నేను చెప్పినట్టే, వినకూడదన్న చోట వినకుండా, వినాల్సిన చోట వింటూ చేశాడు. అదీ విన్నట్టే ఉంది. విసుగొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను ఆగిపోయి, రెండు చేతులూ జోడించి, "సారీ అమ్మా, తప్పు నాదే" అన్నాడు. తిట్టేదానికి ఇంకేం మిగులుతుంది?

డైరెక్టరుకి కంగారు పుట్టింది. రోజుకి ఎంతమంది, ఎన్ని యంత్రాలు అతని నెత్తిమీదున్నాయో ముఖం చూస్తేనే తెలిసేది. "అక్కా, చప్పగా ఉంది. నవ్వు రావడం లేదు. ఆ రోజుల్లో బావని కడిగేసేదానివి చూడు, అలా కావాలి" అన్నాడు. ఇంకోరోజు కారెక్కి అద్దం దించి, నవ్వుతూనే అన్నాడు, "ఇంటికెళ్ళి బావతో బాగా పోట్లాడి రా అక్కా. వేడి మీదుంటావు."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆయన మోకాలికి మర్దనా చేసుకోవడానికి నూనె కాచి, టీ వడకట్టే జల్లెడతో వడకట్టుకుంటున్నాడు. జల్లెడంతా జిడ్డు. నేను పోట్లాడాలని అనుకోలేదు. నిజంగానే ఒళ్ళు మండింది.

"ఇంట్లో ఇన్ని గుడ్డపేలికలుంటే నీకు టీ జల్లెడే దొరికిందా?"

"గుడ్డలు వెతికేందుకు నాకు కాలుందా?"

"నోరుందిగా. అడగొచ్చుగా!"

"నోరు నీ డిపార్ట్‌మెంటు. నాది కాలు. అది పోయింది."

మా వదిన ఏదో పసందైన గొడవ జరుగుతోందని పసిగట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఏమయ్యా, ఇక రేపట్నుంచి టీ తాగితే మోకాళ్ళ నొప్పులు పోతాయన్నమాట" అన్నాను.

"నీ నోటికి కూడా కాస్త రాసుకో. అరిగిపోయినట్టుంది, అక్కడెవరూ నవ్వడం లేదంటగా" అన్నాడు. ఎవరు చెప్పారో. ఆ డాన్సరే అయ్యుంటాడు.

"చూడూ, నాకు కోపం తెప్పించకు. ముందా జల్లెడ ఇటివ్వు."

"నీకు జల్లెడ కావాలా, మొగుడు కావాలా?"

"జల్లెడే కావాలి. దానికి చిల్లులున్నా పనికొస్తుంది."

ఆయన జల్లెడ ఎత్తి, వెలుతురుకి ఎదురుగా పెట్టి, అందులోంచి నన్ను చూశాడు. "నాకూ ఉన్నాయే చిల్లులు. నువ్వు పొడిచినవే!"

నాకు నవ్వు పొంగుకొచ్చింది. మా వదిన కూడా బోసినోరు తెరిచి నవ్వుతోంది. ఏళ్ళతరబడి ఆ ఇంట్లో వినపడిన నవ్వే అది. ఆ నవ్వులోనే నా పెదాలు కదిలాయి. నాకూ ఉన్నాయే చిల్లులు, నువ్వు పొడిచినవే. శబ్దం రాకుండా, పాఠం వల్లెవేసినట్టు. ఎక్కడ ఆగాలో, ఏ మాట ఎత్తుకోవాలో. నటన అలవాటైన మనిషికి అది ఊపిరి లాంటిది, తెలిసి చేసేది కాదు.

ఆయన చూశాడు. నా కళ్ళని కాదు, పెదాలని. ముఖంలో నవ్వు ఇంకా ఉంది గానీ ఎవరో వెనకనుంచి లైటు తీసేసినట్టుంది. జల్లెడ నెమ్మదిగా గిన్నెలో పెట్టాడు.

"రేపటికి సరిపోతుందా?" అన్నాడు.

వెటకారంగా అనలేదు. షాపులో బట్ట కొలిచేవాడు అడిగినట్టు అడిగాడు. తరవాత గోడ పట్టుకుని లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. "ఏమైందే? ఏమన్నాడు? ఆగిపోయారేం?" అని వదిన నన్ను కుదిపి కుదిపి అడిగింది. ఏమీ లేదొదినా అన్నాను. జల్లెడ వేడినీళ్ళలో వేసి తోమాను. జిడ్డు పోయింది.

ఆ మాట వాడకూడదనే అనుకున్నాను. రోజులు గడిచాయి. చలికాలం వచ్చింది. యుద్ధం సీను వచ్చింది. అంతరిక్షనౌక కెప్టెను తుప్పన్న ఒంటినిండా గుళ్ళు దిగిన చిల్లులు చూసి, ఇక నువ్వు పనికిరావు అంటాడు. తుప్పన్న ఏదో అనాలి. రాసిచ్చినది ఎన్నిసార్లు చెప్పినా చచ్చిన చేపలా పడుంది. అద్దం అవతల అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. డాన్సరుకి ఒళ్ళంతా చెమట. "ఏదో ఒకటి అనక్కా, నీకు దండం పెడతాను" అన్నాడు డైరెక్టరు స్పీకర్లో. నా నోట్లోంచి అది వచ్చేసింది. ఉన్నాయిలే చిల్లులు, మీరు పొడిచినవే.

డైరెక్టరు కుర్చీలోంచి లేచి గాజుకి రెండు చేతులూ ఆనించాడు. "ఇదీ! ఇదీ అక్కా కావాల్సింది!" గదంతా చప్పట్లు. డాన్సరు బుద్ధిగా గుండెమీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

నడి ఎండాకాలంలో సినిమా విడుదలైంది. ఆ రోజు మధ్యాహ్నం ఆటకి ముగ్గురం వెళ్ళాం. హాలు కిక్కిరిసిపోయింది. పిల్లలు అట్టపెట్టెలు కత్తిరించి డబ్బా ముఖాలు చేసుకొచ్చారు. ముందు వరసల్లో తుప్పన్నా అని కేకలు. తెరమీద తుప్పన్న మొదటిసారి కనిపించగానే ఈలలతో పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. మిలమిలా మెరిసిపోతున్నాడు. ఎడమకాలు కుడికాలంత ఉంది. రెండు కాళ్ళతో చక్కగా నడుచుకుంటూ వచ్చి మాట్లాడాడు. ఏం మాట్లాడితే అదే చేశాడు.

మొదటి సినిమాలో నవ్వుల హోరులో నా తరవాతి మాట వినపడేది కాదు. ఈసారి ప్రతి మాటా వినపడింది. అంత శుభ్రంగా నా గొంతు నేనెప్పుడూ వినలేదు. నవ్వడానికి సిద్ధంగా నోళ్ళు తెరుచుకుని వచ్చిన జనం కాసేపు అలాగే ఉన్నారు. తరవాత ఒక్కొక్కటీ మూతబడ్డాయి. అట్టముఖాల పిల్లలు ముఖాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. వెనక వరసలో ఎవరో ఫోను తీశారు, తరవాత ఇంకొకరు. యుద్ధాలు జరుగుతూనే ఉన్నాయి, నక్షత్రాలు పేలుతూనే ఉన్నాయి. "వీడు మన తుప్పన్న కాదే" అని మా ముందు కూర్చున్నాయన పక్కావిడతో గట్టిగానే అన్నాడు. మా వదిన నిద్రపోయింది.

అప్పుడొచ్చింది ఆ సీను. ఉన్నాయిలే చిల్లులు, మీరు పొడిచినవే.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. సినిమా మొత్తంలో అదొక్కటే నవ్వు. తెరమీద తుప్పన్న గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. నేను పక్కకి చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన నవ్వలేదు, ఏడవలేదు. తెరవైపే చూస్తున్నాడు. ఆ నవ్వు చెవిన పడగానే ఆయన కుడిచెయ్యి మాత్రం తనంతట తనే లేచింది. చీకట్లో, గాలిలో, గిన్నె తోముతున్నట్టు గుండ్రంగా తిరిగింది. అదీ అక్కడ ఉండాల్సింది. అది ఉంటే జనం సీట్లలోంచి కిందపడేవాళ్ళు. ఆయన తన చేతిని చూసుకుని, రెండో చేత్తో పట్టుకుని, ఒళ్ళోకి దించుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టాడు. చాలాదూరం వచ్చాక, "బాగా చెప్పావు" అన్నాడు.

నాటకాల నాటినుంచీ ఆయన నన్ను మెచ్చుకున్నది లేదు. నేనేం చేసినా కాకిలా అరిచావనో, కప్పలా బెకబెకలాడావనో అనేవాడు. నేను పోవయ్యా అనేదాన్ని. ఆ రోజు బస్సులో మాత్రం థాంక్స్ అన్నాను. ఎవరో పరాయివాళ్ళు టికెట్టు అందిస్తే అన్నట్టు.

పేపర్లు దుమ్మెత్తిపోశాయి. తుప్పన్నకి తుప్పు వదిలించబోయి ప్రాణం వదిలించారని ఒక పేపరు రాసింది. జనం అది ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకున్నారు. పోస్టర్లు వానలు రాకముందే వెలిసిపోయాయి. కూరగాయలావిడ ఆ మాట ఎత్తకుండా కూరలు తూచి ఇచ్చేది. డైరెక్టరు ఒకసారి ఫోను చేసి, "కంప్యూటరువాళ్ళు ముంచేశారక్కా" అన్నాడు. ఆ కంప్యూటరు అమ్మాయి, చెప్పిన పని చెప్పినట్టు చేసిందిగా అనుకున్నాను. మళ్ళీ అతను ఫోను చెయ్యలేదు. డాన్సరు మాత్రం ఒకరోజు పళ్ళు పట్టుకుని వచ్చాడు. ఏమీ తినకుండా కూర్చుని, "నావల్లే పోయింది గురువుగారూ" అన్నాడు. మా ఆయన అతని భుజం తట్టి, "నీ తప్పేం లేదు నాయనా. చాలా బాగా చేశావు" అన్నాడు. అదే గొంతు. బస్సులో నాతో మాట్లాడిన గొంతు.

ఇక మా ఇంట్లో ఆ గొంతే మిగిలింది. కూరలో ఉప్పు ఎక్కువైతే "పర్లేదు, బాగుంది" అంటాడు. నేను తలుపు వెయ్యడం మరిచిపోతే తనే లేచి వేసొస్తాడు. నన్ను ఏమేవ్ అని పిలవడు. గొంతు సవరించుకుంటాడు, నేను తిరిగి చూస్తాను. నేను కావాలని పెడసరంగా ఏదైనా అంటే, కాస్త ఆలోచించి, "నువ్వు చెప్పింది నిజమే" అంటాడు. కోపం కాదు. కోపమైతే నాకు తెలుసు, దాన్ని ఎలా తిప్పికొట్టాలో కూడా తెలుసు. నా ముందు నోరు విప్పితే ఆ మాట ఎక్కడికి పోతుందోనన్న జాగ్రత్త అది. కొత్తచోట సామాను కాళ్ళదగ్గర పెట్టుకుని కూర్చునే ప్రయాణికుడి జాగ్రత్త.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర వదిన నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి మాటలు వినపడవు, ముఖాలు వినపడతాయి.

"ఏరా తమ్ముడూ, ఎవరైనా పోయారా?" అంది. "మన ఇంట్లో ఎవరైనా పోయి నాకు చెప్పలేదా?"

"ఎవరూ పోలేదక్కా. తిను" అన్నాడు ఆయన.

భోజనాలయ్యాక ఆయన లోపలి గదిలో నడుం వాల్చాడు. వదిన కుర్చీలోనే కునుకు తీస్తోంది. బయట మొదటి వాన పట్టుకుంది. నేను వంటగదిలో గిన్నెలు కడుగుతూ ఒక పెద్ద పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. ఇత్తడిది, బరువైనది. అలా ఎందుకు చేశానంటే చెప్పలేను. దాన్ని తలెత్తుకి ఎత్తి, రాతిగచ్చు మీద వదిలేశాను.

ఇల్లంతా ఖంగుమంది. పళ్ళెం గుండ్రంగా తిరిగి తిరిగి, గోడకి కొట్టుకుని, ఇంకా తిరిగింది. నేను తడిచేతులతో అలాగే నిలబడి లోపలి గదివైపు చెవి పెట్టాను. ఇప్పుడంటాడు. కొంప కూల్చేస్తున్నావా అంటాడు. నీ చేతుల్లో ఎముకలున్నాయా, వెన్నపూస ఉందా అంటాడు. ఏదో ఒకటి అంటాడు.

మంచం కిర్రుమంది.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"జాగ్రత్త" అన్నాడు.

పళ్ళెం తిరగడం ఆగింది. వంగి తీసి, తుడిచి, దాని చోట దాన్ని పెట్టాను.